గట్టు జరిపే చెయ్యి

పల్లెటూళ్ళలో పొలం తగాదాలు చాలామటుకు గట్టు దగ్గరే మొదలవుతాయి. దుక్కి దున్నిన ప్రతిసారీ పక్కవాడి గట్టును జానెడు చెక్కుకుంటూ పోయే ఆసామి ఏ ఊళ్ళో చూసినా ఒకడుంటాడు. నాలుగేళ్ళు గడిచేసరికి అతని చేను నాలుగు సాళ్ళు పెరుగుతుంది, పొరుగువాడి చేను నాలుగు సాళ్ళు తరుగుతుంది. తగువు పెద్దమనుషుల దాకా వచ్చినప్పుడు కొలత గొలుసును ఆ ఇద్దరిలో ఎవరి చేతికీ ఇవ్వరు. మూడోవాడు రావాలి, అందరూ చూస్తుండగా కొలవాలి, రాయి పాతాలి. చదువూ సంధ్యా లేనివాళ్ళకు కూడా తెలిసిన న్యాయం ఇది.

ఇంత తేలికైన న్యాయాన్ని మనం పొలానికి పాటించాం గాని ఓటుకు పాటించలేదు. మన నగరాల్లో, పట్టణాల్లో వార్డుల సరిహద్దులు నిర్ణయించే గొలుసు ఎవరి చేతిలో ఉంది? ఆ వార్డుల్లో గెలవాలనుకునే పార్టీ నడిపే ప్రభుత్వం చేతిలో, ఆ ప్రభుత్వం నియమించి బదిలీ చేసే అధికారుల చేతిలో. ఈ ఏర్పాటు మారనంతవరకు ఎన్నిసార్లు పునర్విభజన చేసినా, 150 వార్డులను 300 చేసినా, న్యాయమైన ప్రాతినిధ్యం వచ్చిందనుకోవడం భ్రమే అన్నది నా వాదన. కొంచెం పొడుగు టపా. ఓపిక పట్టమని మనవి.

రాజ్యాంగం మరిచిన వాక్యం

ముందు రాజ్యాంగం తెరుద్దాం. లోక్‌సభ స్థానాల గురించి చెప్పే 81వ అధికరణంలో ఒక నిబంధన ఉంది: రాష్ట్రాన్ని నియోజకవర్గాలుగా విభజించేటప్పుడు ప్రతి నియోజకవర్గపు జనాభాకూ దానికి కేటాయించిన స్థానాలకూ మధ్య నిష్పత్తి, ఆచరణలో సాధ్యమైనంతవరకు, రాష్ట్రమంతటా ఒకేలా ఉండాలి. శాసనసభల గురించి చెప్పే 170వ అధికరణంలోనూ ఇదే నిబంధన ఉంది. 1992లో 73వ సవరణ ద్వారా పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి ఇచ్చినప్పుడు 243సి అధికరణంలో కూడా ఆ మాటనే మళ్ళీ రాశారు. అంటే మారుమూల గ్రామపంచాయతీలో వార్డు సభ్యుణ్ణి ఎన్నుకునే ఓటరుకు సైతం జనాభా సమానత్వమనే హామీ ఉంది.

అదే ఏడాది పట్టణాల కోసం చేసిన 74వ సవరణ చూడండి. 243ఆర్ అధికరణం పురపాలక ప్రాంతాన్ని వార్డులుగా విభజించాలనీ, ఒక్కొక్క స్థానానికీ ప్రత్యక్ష ఎన్నిక జరగాలనీ చెబుతుంది. అంతే! ఆ వార్డుల జనాభా ఒకదానికొకటి సమానంగా ఉండాలన్న వాక్యం అక్కడ లేదు. కవల పిల్లల్లాంటి రెండు సవరణల్లో ఒకదానికి ఉన్న అవయవం మరొకదానికి లేకపోవడం యాదృచ్ఛికమో, ఉద్దేశపూర్వకమో చరిత్రకారులు తేల్చుకోనీయండి. ఫలితం మాత్రం స్పష్టమే. లోక్‌సభ, శాసనసభ, పంచాయతీ అన్నిటికీ ఉన్న రాజ్యాంగ రక్షణ ఒక్క పట్టణ వార్డుకే కరువైంది. రాష్ట్రాలు తమ చట్టాల్లో, నియమాల్లో ఏదో ఒక హద్దు రాసుకోవచ్చు. కాని ప్రభుత్వం రాసుకున్న నియమాన్ని ప్రభుత్వమే ఒక జీవోతో సవరించుకోగలదు. అటువంటి హద్దును గట్టు అనలేం, ముగ్గు అనాలి.

ఇంకొక లోపం ఉంది. 243జెడ్ఏ ప్రకారం ఓటర్ల జాబితాల తయారీ, ఎన్నికల నిర్వహణ రాష్ట్ర ఎన్నికల సంఘం బాధ్యత. వార్డుల విభజన మాట ఆ జాబితాలో లేదు. పోనీ కోర్టుకు వెళదామా అంటే, వార్డుల విభజనకు సంబంధించిన శాసనం చెల్లుబాటును ఏ న్యాయస్థానంలోనూ ప్రశ్నించరాదని 243జెడ్‌జి అడ్డుగోడ కట్టింది. పార్లమెంటు, శాసనసభల పునర్విభజనకైతే 2002 నాటి చట్టం ప్రకారం సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు అధ్యక్షులుగా ఒక సంఘం ఏర్పడింది. అందులో కేంద్ర ఎన్నికల సంఘం ప్రతినిధి, రాష్ట్ర ఎన్నికల కమిషనరు కూడా సభ్యులు. బహిరంగ విచారణలు జరిగాయి. ఢిల్లీకి పంపే సభ్యుడి నియోజకవర్గానికి ఇంత మర్యాద చేసినవాళ్ళం, మన వీధిలో మురుగుకాలువ బాగుచేయించవలసిన సభ్యుడి వార్డును కార్యాలయంలో నాలుగు గోడల మధ్య గీసేస్తే ఎందుకు ఊరుకుంటున్నాం?

గీతల గారడీ

1812లో అమెరికాలోని మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ తన పార్టీకి అనుకూలంగా గీసిన సెనేటు నియోజకవర్గాల చట్టంపై సంతకం చేశాడు. అందులో ఒక నియోజకవర్గం వంకరలు తిరిగి సాలమాండర్ అనే ఉభయచరంలా కనిపించింది. ఒక బోస్టను పత్రిక దానికి గోళ్ళూ రెక్కలూ తగిలించి బొమ్మ వేసి, రెండు పేర్లనూ కలిపి 'జెర్రీమాండర్' అంది. ఆ మాట నిలిచిపోయింది. మన బ్లాగు మిత్రులకు కొత్త తెలుగు మాటలు పుట్టించే సరదా ఎక్కువ కనుక నా వంతుగా 'గీతల గారడీ' అంటున్నాను. ఇంతకంటే మంచి మాట తోస్తే వ్యాఖ్యల్లో చెప్పండి, వాడుకుందాం.

గారడీ ఎలా చేస్తారో తెలుసుకోవడానికి గణితపండితులం కానక్కరలేదు. ఒక ఊరిని ఊహించుకోండి. 9,000 మంది ఓటర్లు, 3 వార్డులు, వార్డుకు 3,000 మంది. ఊరి నడుమ ఒక నేతపేట ఉంది, అందులో 2,400 మంది ఓటర్లు. పేటనంతా ఒకే వార్డులో ఉంచితే వాళ్ళ మనిషి ఒకడు సభలో కూర్చుంటాడు. మగ్గాల గుంతల్లోకి వాననీరు వస్తున్న సంగతి ఎత్తుతాడు. అదే పేటను మూడు ముక్కలు చేసి వార్డుకు 800 మంది చొప్పున పంచితే, మూడు వార్డుల్లోనూ వాళ్ళు మైనారిటీయే. పేట కదలలేదు, ఒక్క ఓటూ తగ్గలేదు, ఎవరి పేరూ జాబితాలోంచి తొలగిపోలేదు. వాళ్ళ గొంతు మాత్రం పోయింది. ఇది చీల్చే విద్య.

రెండోది కుక్కే విద్య. ఒకే అవసరమున్న 4,000 మంది రెండు వార్డుల్లో సగం సగంగా ఉంటే రెండు స్థానాలు గెలుస్తారు. వాళ్ళలో 3,000 మందిని ఒకే వార్డులోకి కుక్కేస్తే అక్కడ నూటికి నూరు ఓట్లతో ఒక స్థానం గెలిచి, మిగిలిన 1,000 మందితో రెండోచోట ఓడిపోతారు. మూడోది అన్నిటికంటే మొరటుది: ఒక వార్డులో 2,000 మందిని, పక్క వార్డులో 6,000 మందిని పెట్టడం. మొదటి వార్డు ఓటరు చేతిలో ఉన్నది రూపాయి అయితే రెండో వార్డు ఓటరు చేతిలో ఉన్నది అయిదణాలు.

రిజర్వేషన్ల సంగతి కూడా ఇందులోనే ఉంది. 243టి ప్రకారం షెడ్యూల్డు కులాలకు, తెగలకు వారి జనాభా నిష్పత్తిలో స్థానాలు ప్రత్యేకించాలి. ఏ వార్డులు ప్రత్యేకించాలో తేల్చేటప్పుడు ఆ వర్గాల జనాభా నిష్పత్తి ఎక్కువగా ఉన్న వార్డులను చూడడం వాడుక. దళితవాడను నిలువునా చీల్చి రెండు వార్డుల్లో కలిపితే రెండింటిలోనూ నిష్పత్తి పడిపోతుంది. రిజర్వుడు స్థానం ఊరికి ఇంకో మూలకు పోతుంది. చట్టంలో ఒక్క అక్షరం తప్పకుండా, ఒక వాడకు దక్కవలసింది దక్కకుండా చేయడానికి పెన్సిలు గీత ఒకటి సరిపోతుంది. 1949 నవంబరు 25న రాజ్యాంగసభలో అంబేద్కర్ హెచ్చరించింది గుర్తుందా? రాజకీయాల్లో ఒక మనిషికి ఒక ఓటు, ఒక ఓటుకు ఒకే విలువ అన్న సూత్రాన్ని ఒప్పుకుంటూ, సామాజిక ఆర్థిక జీవితంలో దాన్ని నిరాకరిస్తూ పోతే ఎంతకాలం మనగలమని ఆయన ఆందోళన. కనీసం రాజకీయాల్లోనైనా సమానత్వం వచ్చిందని ఆయన అనుకున్నారు. వార్డు పటాలు చూస్తే అదీ పూర్తి కాలేదని తెలుస్తుంది.

స్థానిక సంస్థలకు ఇంత పట్టింపు ఎందుకనే వారికి ఒక అమెరికా వ్యాజ్యం చెప్పాలి. టెక్సస్‌లో మిడ్‌లాండ్ అనే కౌంటీ ఉంది. రోడ్లు, పన్నులు చూసే దాని పాలకమండలికి నాలుగు విభాగాల నుంచి నలుగురు సభ్యులు. నగరం దాదాపు మొత్తం ఒకే విభాగంలో ఉంది, దాని జనాభా 67,906. మిగిలిన మూడింటి జనాభా 852, 414, 828. అంటే 414 మందికి ఒక సభ్యుడు, దానికి 164 రెట్లు ఉన్న నగరానికీ ఒకే సభ్యుడు! 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఇది చెల్లదంది. పెద్ద చట్టసభలకు వర్తించే ఓటు సమానత్వం స్థానిక పాలకమండలికీ వర్తిస్తుందని తేల్చింది. అక్కడ కోర్టు చెప్పిన మాటను ఇక్కడ మన రాజ్యాంగం పంచాయతీలకు రాసిపెట్టింది. పట్టణాలకే రాయలేదు.

హైదరాబాదు పాఠం

ఇక మన ముంగిటికి వద్దాం. 2007లో పాత హైదరాబాదు నగరపాలక సంస్థలో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను కలిపి మహానగరపాలక సంస్థను చేశారు. 2009లో 150 వార్డులకు ఎన్నికలు జరిగాయి. 2011 జనగణన నాటికి జనాభా 67 లక్షలు దాటింది, అంటే సగటున వార్డుకు 45,000 మంది. 2015లో వార్డుల సంఖ్యను 200కు పెంచుదామన్న ఆలోచన వచ్చి, మళ్ళీ 150 దగ్గరే ఆగిపోయింది. 2020 ఎన్నికలు ఆ పాత గీతల మీదే జరిగాయి. ఈ మధ్యకాలంలో పడమటి వైపు నగరం ఎలా పెరిగిందో చూసినవారికి చెప్పనక్కరలేదు. పొలాలున్నచోట ముప్ఫై అంతస్తుల భవనాలు లేచాయి. కొన్ని పాత పేటల్లో జనం తరిగారు. గీతలు మాత్రం కదలలేదు. 2019 నాటికి మల్కాజిగిరి ఒక్క లోక్‌సభ స్థానంలోనే 31 లక్షల పైచిలుకు ఓటర్లున్నారంటే నగరపు అంచులు ఎంత ఉబ్బాయో ఊహించుకోవచ్చు.

కాబట్టి వార్డులు తిరగగీయడం అవసరమే, అందులో నాకు సందేహం లేదు. గీసిన తీరు చూడండి. 2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పట్టణ స్థానిక సంస్థలను మహానగరంలో విలీనం చేశారు. కొద్ది రోజులకే 300 వార్డుల ముసాయిదా వచ్చింది. అభ్యంతరాలు తెలపడానికి తొలుత ఇచ్చిన గడువు వారం. వార్డుల జనాభా లెక్కలు, పటాలు అందరికీ అందుబాటులో పెట్టమని ఉన్నత న్యాయస్థానం చెప్పవలసి వచ్చింది. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పటం లేకుండా, జనాభా లెక్క లేకుండా పౌరుడు దేనిమీద అభ్యంతరం చెబుతాడు? 'ఉత్తరం: ఫలానా నాలా నుంచి ఫలానా ఇంటి నంబరు వరకు, తూర్పు: ఫలానా ప్రహరీ వెంబడి' అని అక్షరాల్లో రాసిన నాలుగు దిక్కుల ప్రకటన చదివి తన ఇల్లు ఏ వార్డులో పడిందో తేల్చుకోగలవాడికి సర్వే శాఖలో ఉద్యోగమివ్వాలి.

ఇందులో ఇంకో విచిత్రముంది. ఆ విభజనకు ఆధారం 2011 జనాభా లెక్కలు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు, దాన్ని 2027కు మార్చారు. ఆ జనగణన కోసం 2025 డిసెంబరు 31 తర్వాత పాలనా సరిహద్దులు కదిలించరాదని కేంద్రం చెప్పింది. గడువు ముంచుకొస్తోందని ఆదరాబాదరాగా, పధ్నాలుగేళ్ళ పాత లెక్కలతో, కొత్త లెక్కలు రాబోతున్న సమయంలో నగరాన్ని 300 ముక్కలు చేశారు. పెళ్ళికొడుకు చిన్నప్పటి కొలతలతో పెళ్ళి చొక్కా కుట్టించినట్టుంది ఈ వ్యవహారం. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇలాగే జరుగుతుంది. ఒక్క పార్టీ మీద పడి ఏడిస్తే లాభం లేదు. చెయ్యి మారినంత మాత్రాన గొలుసు నిజాయితీగా కొలవదు.

గీతల పేరిట వాయిదాలు

గారడీకి రెండో వైపు ఉంది, అది వాయిదా. 'వార్డుల విభజన పూర్తికాలేదు' అన్నది స్థానిక ఎన్నికలు ఎగ్గొట్టడానికి ఎప్పుడూ పనికొచ్చే సాకు. విశాఖ మహానగరానికి 2007లో ఎన్నికలు జరిగాయి. పాలకమండలి గడువు 2012లో ముగిసింది. మళ్ళీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. విలీనాలనీ, విభజనలనీ, వ్యాజ్యాలనీ కారణాలు మారుతూ వచ్చాయి. తొమ్మిదేళ్ళు ఆ మహానగరానికి ఎన్నికైన కార్పొరేటరు ఒక్కరూ లేరు. అధికారులే పాలించారు. 72 వార్డులు 98 అయ్యాయి, సరే. ఆ తొమ్మిదేళ్ళ లెక్క ఎవరు చెప్పాలి?

బెంగుళూరులో పాలకమండలి గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. 198 వార్డులను 2022లో 243 చేశారు. ప్రభుత్వం మారాక 2023లో అవే 225 అయ్యాయి. 2025లో నగరాన్నే అయిదు సంస్థలుగా విడగొట్టారు. అయిదేళ్ళు గీతలు గీయడంతోనే సరిపోయింది గాని ఓటు వేయించడానికి మాత్రం తీరిక దొరకలేదు.

సుప్రీంకోర్టు ఊరుకోలేదు. అహమ్మదాబాదు నగరపాలక సంస్థకు సంబంధించిన 2006 నాటి కిషన్‌సింగ్ తోమర్ తీర్పులో, అయిదేళ్ళ గడువు ముగిసేలోగా ఎన్నికలు జరపడం రాజ్యాంగ విధి అని చెప్పింది. విభజన పని నడుస్తోందన్న కారణంతో ఎన్నికలు ఆపరాదని 2022లో మధ్యప్రదేశ్ వ్యాజ్యంలో మళ్ళీ చెప్పింది. గోవాలో న్యాయశాఖ కార్యదర్శికే రాష్ట్ర ఎన్నికల కమిషనరు బాధ్యత అదనంగా అప్పగిస్తే, ప్రభుత్వోద్యోగిని ఆ స్థానంలో కూర్చోబెట్టడం రాజ్యాంగాన్ని వెక్కిరించడమేనని 2021లో తప్పుపట్టింది. ఎన్నిక జరిపే చెయ్యి స్వతంత్రంగా ఉండాలన్న ఆ తర్కమే గీత గీసే చేతికీ వర్తించవద్దా?

వినిపించే ఎదురువాదాలు

ఒకటి: 'నాలాలు, రైలుపట్టాలు, రహదారులు అడ్డొస్తాయి, అంకెలు సమానంగా రావు.' అక్షరాలా సమానం చేయమని ఎవరూ అడగడం లేదు. ఇంత శాతానికి మించి తేడా ఉండరాదని ఒక హద్దు, హద్దు దాటిన ప్రతి వార్డుకూ రాతపూర్వకమైన కారణం ఉంటే చాలు. నాలా అడ్డొచ్చిందో, నాయకుడు అడ్డొచ్చాడో కాగితం మీద తెలియాలి.

రెండు: 'ప్రభుత్వం ప్రజలు ఎన్నుకున్నదే కదా, అది గీస్తే తప్పేమిటి?' కరణం కూడా ఊరివాడే! అయినా ఊరి లెక్కలన్నీ ఒక్కడి కలం కింద ఉండడం మంచిది కాదని 1984లో ఆంధ్రప్రదేశ్‌లో కరణీకాలు రద్దు చేశారు. ఎన్నుకోబడినవాడే తన ఓటర్లను ఎన్నుకునే పద్ధతిని ప్రజాస్వామ్యమనడం సరికాదు.

మూడు: 'సామాన్యుడికి ఇవేవీ పట్టవు.' నిజమే, హైదరాబాదులో 2009, 2016, 2020 మూడు ఎన్నికల్లోనూ సగంమంది ఓటర్లు కూడా పోలింగు కేంద్రం గడప తొక్కలేదు. జనం బద్ధకస్తులని తిట్టడం తేలిక. కాని తన వార్డు పేరేమిటో, హద్దులేమిటో, అవి ఎప్పుడు మారాయో తెలియనివాడికి ఆ ఎన్నిక తనదని ఎలా అనిపిస్తుంది?

ఏం కావాలి?

మొదటిది, 243ఆర్ అధికరణంలో ఆ ఒక్క వాక్యం చేర్చాలి. పంచాయతీ వార్డుకు ఉన్న జనాభా సమానత్వం పట్టణ వార్డుకూ కావాలి. దీనికి కొత్త సిద్ధాంతాలు అక్కరలేదు, 243సి నుంచి ఎత్తిరాసుకుంటే చాలు.

రెండోది, గొలుసు మూడోవాడి చేతికి రావాలి. కేరళలో స్థానిక సంస్థల వార్డుల విభజనకు రాష్ట్ర ఎన్నికల కమిషనరు అధ్యక్షతన ఒక సంఘముంది. అందులో సభ్యులు ప్రభుత్వ కార్యదర్శులే కాబట్టి అది సగం దూరమే. అయినా మనకంటే సగం దూరం ముందుంది. మనం అక్కణ్ణుంచి మిగతా సగం నడవవచ్చు: విశ్రాంత న్యాయమూర్తి, గణాంకశాస్త్రం తెలిసినవారు, సర్వే తెలిసినవారు సభ్యులుగా.

మూడోది, ముసాయిదాతోపాటే పటం, గణన బ్లాకులవారీ జనాభా, షెడ్యూల్డు కులాల, తెగల సంఖ్య, పాత హద్దుకూ కొత్త హద్దుకూ తేడా బయటపెట్టాలి. తెలుగులో, హైదరాబాదులో ఉర్దూలో కూడా. ప్రతి అభ్యంతరానికీ కారణంతో కూడిన జవాబు ఇవ్వాలి. 'పరిశీలించి తిరస్కరించడమైనది' అన్న రబ్బరుముద్రను జవాబుగా లెక్కించరాదు.

నాలుగోది, కాలం. ప్రతి జనగణన తర్వాత విభజన విధిగా జరగాలి, పాలకమండలి గడువు ముగియడానికి ఏడాది ముందే పూర్తికావాలి. కాకపోతే పాత హద్దుల మీదే సకాలంలో ఎన్నికలు జరగాలి. ఈ ఒక్క నియమం ఉంటే వాయిదా వేయడంలో ఎవరికీ లాభముండదు.

2027 జనగణన అంకెలు వచ్చాక రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నగరాల హద్దులు మళ్ళీ గీయక తప్పదు. అప్పటికి గొలుసు ఎవరి చేతిలో ఉండాలో ఇప్పుడే అడగాలి. ముసాయిదా వెలువడ్డాక వారం గడువులో అడిగేది అభ్యంతరమే అవుతుంది, ముందే అడిగితే అది హక్కు.

చదివిన మిత్రులకు ఒక చిన్న పని. మీ వార్డు పటం ఎక్కడైనా దొరుకుతుందేమో వెతికి చూడండి. దొరికితే మీ వీధి ఎటు పడిందో, పక్క వీధి ఎటు పడిందో చూసి, ఆ గీత అక్కడే ఎందుకు వంగిందో ఆలోచించండి. దొరక్కపోతే పురపాలక కార్యాలయానికి సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు రాయండి. ఏ జవాబు వచ్చిందో ఇక్కడ వ్యాఖ్యగా చెబితే మిగతావారికీ పనికొస్తుంది.